ఓవీఏను ముందు విప్పి చూడండి, ఆ తర్వాతే ఎక్కించండి

(హనుమకొండలో ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులకూ కాలేజీ ల్యాబ్ సిబ్బందికీ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును మార్చకుండా అక్షరరూపంలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. జగిత్యాల నుంచి, మంచిర్యాల నుంచి పొద్దుగాల బస్సెక్కి వచ్చినోళ్లు కూడా ఉన్నరని ఇప్పుడే చెప్పిన్రు. మీ అంత దూరం వృథా పోకుండా, రేపు మీ ల్యాబుకు పోయి చేసి చూసేటట్టు చెప్త.

తెర మీద ఒక ఫైల్ ఉంది, చూడండి. పేరు చివర చుక్క ఓవీఏ. సైజు 11 జీబీ. ఇది ఒక వర్చువల్ అప్లయన్స్. అంటే ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, అప్లికేషన్ అన్నీ ఎక్కించి, సెట్టింగులు చేసి, ఒక్క ఫైలుగా కట్టి ఇచ్చింది. ఇంటి నుంచి పొలానికి పంపే సద్దిమూట లెక్క. విప్పుకొని తినుడే, అక్కడ పొయ్యి ముట్టియ్యాల్సిన పని లేదు. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ అమ్మేటోళ్లు, దవాఖానా ల్యాబ్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్ అమ్మేటోళ్లు, ఫైర్‌వాల్ అమ్మేటోళ్లు ఇట్లనే ఇస్తరు. "ఇంపోర్ట్ కొట్టండి, నడుస్తది" అంటరు.

వాళ్లనేది అబద్ధం కాదు. హైపర్‌వైజర్ అంటే ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోని తయారైన కంప్యూటర్లను, అంటే వర్చువల్ మెషీన్లను నడిపేది. వాళ్లు ఏ హైపర్‌వైజర్ మీద తయారు చేసిన్రో దాని మీద నడుస్తది. మనం ఎక్కించేది క్లౌడ్ మీద. అక్కడ డిస్క్ వేరు, నెట్‌వర్క్ కార్డు వేరు, ఐపీ ఇచ్చే పద్ధతి వేరు. ఈ ఫైలుకు అది పుట్టిన ఇల్లే యాదిలో ఉంటది. నేను ఇవ్వాళ చెప్పేదంతా దీని చుట్టే. ఇంపోర్ట్ కమాండ్ ఒక్క లైను. దానికంటే ముందు ఆ ఫైలును చదవాలె, అది ఏమేం యాది పెట్టుకున్నదో కనుక్కోవాలె.

నాకు ఇది ఎట్ల తెలిసిందో చెప్త. కొన్నేండ్ల కింద ఒక జిల్లా కేంద్రంలో ఒక చిన్న దవాఖానా, పేరు వద్దు. వాళ్ల పాత సర్వర్ మీద ఒక వర్చువల్ మెషీన్ నడుస్తుండె. అందులో రోగుల రక్తపరీక్షల రిపోర్టులు. సర్వర్ పాతదైంది, ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే క్లౌడ్‌కు మార్చాలన్నరు. నేను ఓవీఏగా ఎక్స్‌పోర్ట్ చేసిన, డిస్క్ ఫార్మాట్ మార్చిన, రాత్రి పది గంటలకు అప్‌లోడ్ పెట్టిన. తెల్లారుజామున చూస్తే ఇమేజ్ స్టేటస్ "యాక్టివ్". చాలా సంతోషపడ్డ. మెషీన్ లేపిన. పింగ్ చేస్తే జవాబు లేదు. దూరం నుంచి లోపలికి పోయే ఎస్ఎస్‌హెచ్ లేదు. కన్సోల్ లాగ్ తీస్తే ఖాళీ. పొద్దున ఎనిమిదింటికి ల్యాబ్ తెరుస్తరు, బయట బెంచీల మీద ముసలోళ్లు చీటీలు పట్టుకొని కూసుంటరు. ఆ మూడు గంటలు నేను పడ్డ పరేషాన్ మీకెవ్వరికీ రావద్దు. అందుకే ఇక్కడికి వచ్చిన.

సరే, ఫైలును విప్పుదాం.

ఓవీఏ అంటే బ్రహ్మపదార్థం ఏం కాదు. అది ఒక టార్ ఫైల్, అంటే చాలా ఫైళ్లను ఒక్కటిగా కట్టిన మూట. టెర్మినల్‌లో టార్, మైనస్ టీవీఎఫ్, ఫైల్ పేరు కొట్టండి. లోపల ఏమున్నదో పట్టీ వస్తది. మొదట చుక్క ఓవీఎఫ్ అనే ఫైల్, తర్వాత చుక్క ఎంఎఫ్, తర్వాత చుక్క వీఎండీకే, అంటే డిస్క్ ఫైల్. ఓవీఎఫ్ అంటే ఓపెన్ వర్చువలైజేషన్ ఫార్మాట్. 2007లో డెల్, హెచ్‌పీ, ఐబీఎం, మైక్రోసాఫ్ట్, వీఎమ్‌వేర్, జెన్‌సోర్స్ కలిసి దీని ముసాయిదాను డీఎమ్‌టీఎఫ్ అనే ప్రమాణాల సంస్థకు ఇచ్చినయి. 2009లో మొదటి వెర్షన్ వచ్చింది, 2011లో ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. అంతకుముందు ఒకరి మెషీన్ ఇంకొకరి దగ్గర లేపాలంటే ఎవరి తిప్పలు వాళ్లవే. ఒకరికొకరు పోటీ పడే కంపెనీలు ఒక్క కాయితం మీద ఒప్పుకున్నయంటే అది నిజంగా మనలాంటి వాళ్లకు జరిగిన మేలు.

ఇందులో ఎంఎఫ్ అనే చిన్న ఫైలును చాలామంది చూడరు. మా నాయిన ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీస్కపోయేటోడు. సాయంత్రం చేతికి తక్‌పట్టీ వచ్చేది. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏం ధర, ఏమేం కోతలు, అన్నీ దాని మీద ఉంటయి. ఇంటికి వచ్చినంక దాన్ని రెండుసార్లు లెక్క చూసేటోడు. ఎంఎఫ్ అంటే మేనిఫెస్ట్, మన ఓవీఏకు అదే తక్‌పట్టీ. ప్రతి ఫైలుకూ ఒక చెక్‌సమ్, అంటే ఫైల్‌లో ఉన్నదాని నుంచి లెక్కగట్టిన ఒక గుర్తు, రాసి ఉంటది. పాత వాటిలో షా-1, కొత్త వాటిలో షా-256. మేనిఫెస్ట్‌లో షా-256 ఉంటే షా-256-సమ్ అనే కమాండ్‌తోని, షా-1 ఉంటే షా-1-సమ్‌తోని వీఎండీకే ఫైలుకు లెక్క తీయండి, మేనిఫెస్ట్‌లో ఉన్నదాంతోని కలవాలె. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైల్ దారిలో చెడిపోయినట్టు. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి బస్సులో తెచ్చిన ఫైల్ అయితే ఇది తప్పకుండా చూడండి. గంటల తరబడి అప్‌లోడ్ చేసి, లేపి, ఫైల్‌సిస్టమ్ చెడిందని అప్పుడు తెలుసుకునుడు కంటే ఇక్కడ ఐదు నిమిషాలు నయం.

ఇంకొకటి. కొందరు ఓవీఎఫ్ తెరిచి ఏదో మార్చి మళ్లీ టార్ కడతరు. మార్చితే మేనిఫెస్ట్‌లో ఓవీఎఫ్ చెక్‌సమ్ కూడా మార్చాలె. టార్‌లో ఓవీఎఫ్ ఫైల్ మొదట రావాలె, అది ప్రమాణంలో ఉన్న షరతు. స్టార్ గుర్తు పెట్టి ఫైళ్లన్నీ ఒక్కసారే కట్టినప్పుడు అక్షరక్రమంలో వీఎండీకేనో ఎంఎఫో ముందుకు వస్తది. అప్పుడు "చెల్లని ఓవీఏ" అని వస్తది, ఎందుకో అర్థం కాదు. పేర్లు వరుసగా మీరే రాసి కట్టండి.

ఇప్పుడు ఓవీఎఫ్ లోపలికి పోదాం. ఇది ఎక్స్ఎంఎల్. చూడంగనే బుగులు పుట్టేటట్టు ఉంటది గానీ, మనకు కావాల్సినవి నాలుగే. మొదటిది డిస్క్ సెక్షన్. కెపాసిటీ అని ఉంటది, దాని పక్కన యూనిట్. ఈ ఫైల్‌లో 80 అని, రెండు పవర్ ముప్పై బైట్లు అని ఉంది, అంటే 80 జీబీ డిస్క్. చేతిలో ఉన్న ఫైల్ 11 జీబీయే కదా అంటరేమో. ఓవీఏలో ఉండే వీఎండీకేను స్ట్రీమ్-ఆప్టిమైజ్డ్ అంటరు, లోపల కంప్రెస్ అయి ఉంటది, ఖాళీ జాగను లెక్కలోకి తీసుకోదు. క్లౌడ్‌లో లేపేటప్పుడు మాత్రం 80 జీబీ డిస్క్ ఉన్న ఫ్లేవర్, అంటే మెషీన్‌కు ఇచ్చే సీపీయూ, మెమరీ, డిస్క్ కొలత, కావాలె.

రెండోది హార్డ్‌వేర్ సెక్షన్. ఇందులో రిసోర్స్ టైప్ అని నంబర్లు ఉంటయి. 3 అంటే సీపీయూ, 4 అంటే మెమరీ, 5 అంటే ఐడీఈ కంట్రోలర్, 6 అంటే స్కజీ కంట్రోలర్, 10 అంటే నెట్‌వర్క్ కార్డు, 17 అంటే డిస్క్. ఈ ఆరు నంబర్లు రాసుకోండి. 6 పక్కన సబ్‌టైప్ ఎల్ఎస్ఐలాజిక్ అని ఉందా, 10 పక్కన వీఎంఎక్స్‌నెట్3 అని ఉందా చూడండి. ఉంటే ఇది వీఎమ్‌వేర్ ఇంట్ల పుట్టిన పిల్ల. ఆ డిస్క్ కంట్రోలర్, ఆ నెట్‌వర్క్ కార్డు మన కేవీఎం క్లౌడ్‌లో, అంటే లినక్స్‌లో ఉండే హైపర్‌వైజర్ మీద నడిచే క్లౌడ్‌లో, మామూలుగా ఉండవు.

మూడోది ఫర్మ్‌వేర్, అంటే మెషీన్ లేసేటప్పుడు అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్. బయోస్ మీద పుట్టిందా, యూఈఎఫ్ఐ మీదనా. యూఈఎఫ్ఐ మెషీన్‌ను బయోస్‌గా లేపితే బూట్ డిస్క్ లేదంటది. ఓపెన్‌స్టాక్‌లో ఇమేజ్‌కు హెచ్‌డబ్ల్యూ-ఫర్మ్‌వేర్-టైప్ అనే ప్రాపర్టీ యూఈఎఫ్ఐ అని పెడితే సరిపోతది.

నాలుగోది ప్రోడక్ట్ సెక్షన్. కొన్ని అప్లయన్సులు మొదటిసారి లేసినప్పుడు "నా ఐపీ ఎంత, నా పేరు ఏంది, అడ్మిన్ పాస్‌వర్డ్ ఏంది" అని హైపర్‌వైజర్‌ను అడుగుతయి. వీఎమ్‌వేర్ ఆ ప్రశ్నలకు జవాబులు లోపలికి పంపుతది. మన క్లౌడ్‌కు ఆ భాష రాదు. అప్పుడు అప్లయన్స్ జవాబు కోసం చూస్తనే ఉంటది. ప్రోడక్ట్ సెక్షన్‌లో ప్రాపర్టీలు కనిపిస్తే, అమ్మినోళ్లకు ఫోన్ చేసి కేవీఎం కోసం చేసిన ఇమేజ్ ఉందా అని అడగండి. చాలామంది దగ్గర ఉంటది, అడిగితేనే ఇస్తరు.

ఇగ మార్చుడు సంగతి. డిస్క్ ఒక్కటే తీసి, క్యూఈఎంయూ-ఐఎంజీ కన్వర్ట్, మైనస్ పీ, మైనస్ చిన్న ఎఫ్ వీఎండీకే, మైనస్ పెద్ద ఓ క్యూకౌ-2, పాత పేరు, కొత్త పేరు. క్యూకౌ-2 అంటే కేవీఎం వాడే డిస్క్ ఫార్మాట్. మైనస్ పీ పెడితే ఎంత శాతం అయిందో కనిపిస్తది, లేకపోతే తెర మీద ఏం కదలదు, ఆగిపోయిందనుకొని మధ్యలో ఆపేస్తరు. అయినంక క్యూఈఎంయూ-ఐఎంజీ ఇన్ఫో కొట్టి వర్చువల్ సైజు ఓవీఎఫ్‌లో చెప్పినంత ఉందా చూడండి. ఇది తేలిక పని.

కష్టమైంది డ్రైవర్ల సంగతి. నేను ఆ దవాఖానా రాత్రి బోల్తా పడ్డది ఇక్కడే, అందుకే నిమ్మళంగా చెప్త.

వేయిస్తంభాల గుడి కల్యాణమంటపం మీరందరూ చూసిన్రు. 2006లో దాన్ని విప్పిన్రు. రాళ్లకు నంబర్లు వేసి పక్కన పెట్టి, కింద పునాది మళ్లీ వేసి, ఆ రాళ్లనే తిరిగి నిలబెట్టిన్రు. 2024 మార్చిలో తెరిచిన్రు. రాళ్లు అవే, స్తంభాలు అవే, కింద పునాదే మార్చిన్రు. అంతకాలం ఎందుకు పట్టింది? రాయి మోసుడు సులువు, పునాదికీ రాతికీ పొత్తు కుదుర్చుడు కష్టం. మన పనిలో కూడా డిస్క్ అదే, ఫైళ్లు అవే. కింద మాత్రం ఎల్ఎస్ఐలాజిక్ పోయి వర్టియో, అంటే కేవీఎం ఇచ్చే డిస్క్, నెట్‌వర్క్ పరికరాలు, వస్తది.

లినక్స్ లేసేటప్పుడు ముందుగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూటను మెమరీలోకి తీసుకుంటది. అసలు డిస్క్‌ను తెరవడానికి కావాల్సిన డ్రైవర్లు ఆ మూటలో ఉండాలె. సెంటోస్ 7, రెడ్ హ్యాట్ 7 నుంచి డ్రాకట్ అనే ప్రోగ్రామ్ ఈ మూట కట్టేటప్పుడు, "ఈ మెషీన్‌కు ఏం కావాల్నో అవే పెడత" అని మిగతావి వదిలేస్తది. దీన్ని హోస్ట్-ఓన్లీ అంటరు. వీఎమ్‌వేర్ మీద పుట్టిన మెషీన్ కాబట్టి వీఎమ్‌వేర్ డ్రైవర్లు పెట్టుకున్నది, వర్టియో పెట్టుకోలే. కర్నెల్‌లో వర్టియో ఉన్నది, డిస్క్ మీద ఫైల్ కూడా ఉన్నది. కానీ ఆ డిస్క్ తెరిచే తాళంచెవి ఆ డిస్క్ లోపలనే ఉండిపోయింది. ఆ రాత్రి నేను లాగ్ ఖాళీ అనుకొని నెట్‌వర్క్ మీద అనుమానపడ్డ. చివరికి ఓపెన్‌స్టాక్ కన్సోల్ యూఆర్ఎల్ షో కొట్టి, కన్సోల్ తెరిచి చూస్తే, డ్రాకట్ ప్రాంప్ట్ మిణుకు మిణుకుమంటున్నది. లాగ్ ఎందుకు ఖాళీ అంటే, కర్నెల్ తన మాటలు సీరియల్ పోర్టుకు పంపుతలేదు. లినక్స్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌లో కన్సోల్ ఈక్వల్స్ టీటీవై-ఎస్-సున్నా అని పెడితేనే కన్సోల్ లాగ్‌లో ఏమైనా కనిపిస్తది. ఆ ముక్క ఎక్స్‌పోర్ట్‌కు ముందే పెట్టి ఉంటే నాకు రెండు గంటలు మిగిలేటివి.

దీనికి మూడు తొవ్వలున్నయి. అన్నిటికంటే మంచిది, పాత మెషీన్ ఇంకా నడుస్తున్నప్పుడే, ఎక్స్‌పోర్ట్‌కు ముందు, డ్రాకట్ మైనస్ మైనస్ ఫోర్స్, మైనస్ మైనస్ యాడ్-డ్రైవర్స్ అని చెప్పి, కోట్స్‌లో వర్టియో పీసీఐ, వర్టియో బీఎల్‌కే, వర్టియో స్కజీ, వర్టియో నెట్, ఈ నాలుగు రాసి మూట మళ్లీ కట్టుడు. రెండోది, ఎవరో ఇచ్చిన ఓవీఏ అయితే మనం లోపలికి పోలేం కాబట్టి వర్ట్-వీ2వీ వాడుడు. మైనస్ ఐ ఓవీఏ అని ఫైల్ పేరు, మైనస్ ఓ లోకల్, మైనస్ ఓఎస్ అని డైరెక్టరీ పేరు, మైనస్ ఓఎఫ్ క్యూకౌ-2. ఇది ఓవీఎఫ్‌ను తనే చదువుతది, డిస్క్ లోపలికి పోయి ఏ ఆపరేటింగ్ సిస్టమో కనుక్కుంటది, డ్రైవర్లు చేరుస్తది, మూట మళ్లీ కడ్తది, ఫార్మాట్ కూడా మారుస్తది. క్యూఈఎంయూ-ఐఎంజీ ఫార్మాట్ మాత్రమే మారుస్తది, వర్ట్-వీ2వీ లోపలి మనిషిని కూడా కొత్త ఇంటికి తయారు చేస్తది. ఈ తేడా మర్చిపోకండి.

మూడోది ఆపదలో పనికొచ్చేది. సెంటోస్ 7 లాంటి వాటిలో గ్రబ్ మెనూలో "రెస్క్యూ" అని ఒక వరుస ఉంటది. దాని మూట హోస్ట్-ఓన్లీ కాదు, అన్ని డ్రైవర్లతోని కట్టింది. కన్సోల్‌లో దాన్ని ఎంచుకొని లేపితే మెషీన్ లేస్తది! లేసినంక అదే డ్రాకట్ కమాండ్, మామూలు కర్నెల్ వెర్షన్ పేరు ఇచ్చి కొట్టాలె. ఆ రాత్రి నన్ను ఒడ్డున పడేసింది ఇదే. ఏడుంబావుకు మెషీన్ లేసింది. ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లకు ఈ బాధ తక్కువ. వాటి మూటలో మామూలుగానే చాలా డ్రైవర్లు ఉంటయి.

డిస్క్ పేరు కూడా మారుతది. వీఎమ్‌వేర్‌లో ఎస్‌డీఏ, వర్టియోలో వీడీఏ, అమెజాన్ నైట్రో మెషీన్లలో ఎన్‌వీఎంఈ. ఏ డిస్క్‌ను ఎక్కడ తెరవాల్నో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ1 అని ఉంటే, యూయూఐడీ, అంటే పేరు మారినా మారని గుర్తు నంబర్, పెట్టి మార్చండి.

నెట్‌వర్క్ దగ్గరికి వద్దాం. అప్లయన్స్ లోపల ఐపీ స్థిరంగా రాసి ఉంటది, పాత ఆఫీసుది. ఓపెన్‌స్టాక్ ఏం చేస్తదంటే, తను ఇచ్చిన ఐపీ కాకుండా వేరే ఐపీతోని ప్యాకెట్ వస్తే తలుపు దగ్గరనే పడేస్తది. తప్పు అని కూడా చెప్పదు. మెషీన్ లోపల చూస్తే అంతా బాగనే కనిపిస్తది. అందుకే ఎక్స్‌పోర్ట్‌కు ముందే డీహెచ్‌సీపీకి, అంటే ఐపీని నెట్‌వర్క్ నుంచే తీసుకునే పద్ధతికి, మార్చండి. పాత సెంటోస్ 6 కాలం మెషీన్ అయితే యూడెవ్ రూల్స్‌లో 70-పర్సిస్టెంట్-నెట్ అనే ఫైల్ ఉంటది, పాత మ్యాక్ అడ్రస్‌ను, అంటే నెట్‌వర్క్ కార్డు గుర్తు నంబర్‌ను, ఈత్0 అని కట్టేసి పెట్టుకుంటది. కొత్త కార్డు వస్తే ఈత్1 అంటది, దానికి సెట్టింగులే ఉండవు. ఆ ఫైల్ తీసేయండి. లైసెన్స్ మ్యాక్ అడ్రస్‌కు ముడిపడి ఉన్న సాఫ్ట్‌వేర్లు కూడా ఉంటయి. అప్పుడు ఓపెన్‌స్టాక్ పోర్ట్ క్రియేట్ అని, మైనస్ మైనస్ మ్యాక్-అడ్రస్ ఇచ్చి, పాత మ్యాక్‌తోనే పోర్ట్ తయారు చేసి, మెషీన్‌ను ఆ పోర్ట్ మీద లేపవచ్చు. అయితే లైసెన్స్ షరతులు దానికి ఒప్పుకుంటయో లేదో ముందు చదవండి.

ఇప్పుడు ఇంపోర్ట్. ఓపెన్‌స్టాక్ ఇమేజ్ క్రియేట్, మైనస్ మైనస్ ఫైల్, మైనస్ మైనస్ డిస్క్-ఫార్మాట్ క్యూకౌ-2, మైనస్ మైనస్ కంటెయినర్-ఫార్మాట్ బేర్, మైనస్ మైనస్ మిన్-డిస్క్ 80, మైనస్ మైనస్ మిన్-ర్యామ్ 4096, చివరకు పేరు. మిన్-డిస్క్ పెట్టకపోతే ఎవరో 20 జీబీ ఫ్లేవర్ మీద లేపబోతరు, అది లేవదు, మీకు ఫోన్ వస్తది. స్టేటస్ క్యూడ్, సేవింగ్, యాక్టివ్ అని మారుతది. యాక్టివ్ అంటే ఫైల్ చేరింది అనే అర్థం. మెషీన్ లేస్తది అని కాదు. నేను ఆ రాత్రి సంతోషపడ్డది ఆ మాటను చూసే.

అప్‌లోడ్ గురించి మన ప్రాంతపోళ్లకు ప్రత్యేకంగా చెప్పాలె. హైదరాబాద్‌లో ఉన్నోళ్లకు ఇది సమస్యే కాదు. మన దగ్గర చాలా ఆఫీసుల్లో అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ ఉంటే గొప్ప. ఈ 80 జీబీ డిస్క్ క్యూకౌ-2గా మారినంక 26 జీబీ అయింది. లెక్క వేయండి, 26 జీబీని 10 ఎంబీపీఎస్ మీద పంపాలంటే దాదాపు ఆరు గంటలు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. అదే 11 జీబీ ఓవీఏ అయితే రెండున్నర గంటల్లో పోతది. అందుకే నేను ఏం చేస్తనంటే, క్లౌడ్‌లోనే ఒక చిన్న లినక్స్ మెషీన్ లేపుత, దానికి పెద్ద డిస్క్ తగిలిస్త. ఇక్కడి నుంచి ఓవీఏను ఆర్‌సింక్‌తోని పంపుత, మైనస్ మైనస్ పార్షియల్, మైనస్ మైనస్ అపెండ్-వెరిఫై పెట్టి. లైన్ తెగితే మళ్లీ అదే కమాండ్ కొట్టుడే, ఆగిన దగ్గర నుంచి అందుకుంటది. మార్చుడు, ఎక్కించుడు అన్నీ ఆ చిన్న మెషీన్ మీదనే, టీమక్స్ లోపల, అది లైన్ తెగినా కమాండ్‌ను నడిపిస్తనే ఉండే ప్రోగ్రామ్. మన ల్యాప్‌టాప్ మూసి ఇంటికి పోవచ్చు. పని అయినంక ఆ చిన్న మెషీన్‌ను తీసేయండి, లేకపోతే బిల్లు నడుస్తనే ఉంటది.

అమెజాన్ మీద పద్ధతి కొంచెం వేరు. అక్కడ ఓవీఏను విప్పకుండనే ఇవ్వవచ్చు. ముందు ఎస్3 బకెట్‌లో, అంటే అమెజాన్ ఫైళ్ల గోదాములో, పెట్టాలె, తర్వాత వీఎంఇంపోర్ట్ అనే పేరుతోని ఒక రోల్ తయారు చేసి, ఆ బకెట్ చదివే అనుమతి ఇవ్వాలె. ఆ తర్వాత ఏడబ్ల్యూఎస్ ఈసీ2 ఇంపోర్ట్-ఇమేజ్. ఒక టాస్క్ నంబర్ ఇస్తది, డిస్క్రైబ్-ఇంపోర్ట్-ఇమేజ్-టాస్క్స్ అని అడుగుతుంటే ఎక్కడిదాకా వచ్చిందో చెప్తది. ఈ సేవ డిస్క్ లోపలికి చూసి తనకు తెలిసిన ఆపరేటింగ్ సిస్టమ్, తెలిసిన కర్నెల్ అయితేనే తీసుకుంటది. తెలియని అప్లయన్స్ అయితే ఇంపోర్ట్-స్నాప్‌షాట్ వాడి డిస్క్‌ను మాత్రం తెచ్చుకొని, రిజిస్టర్-ఇమేజ్ చేసుకోవచ్చు. అప్పుడు డ్రైవర్ల బాధ్యత మనదే. హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి అమెజాన్ రీజియన్ ఉంది, ఏపీ-సౌత్-2 అంటరు. అయితే దాన్ని అకౌంట్‌లో మనమే ఎనేబుల్ చేసుకోవాలె. చేయకుండా కమాండ్ కొడితే "మీ కీలు సరిగా లేవు" అన్నట్టు లోపం వస్తది. కీలు మార్చుకుంటా కూసోకండి, రీజియన్ చూడండి.

మధ్యలో తెగిన ఎస్3 అప్‌లోడ్ ముక్కలు బకెట్‌లో కనపడకుండా ఉండి డబ్బులు తింటయి. పూర్తికాని మల్టీపార్ట్ అప్‌లోడ్‌లను కొన్ని రోజులకు తీసేయమని బకెట్ మీద లైఫ్‌సైకిల్ రూల్ ఒకటి పెట్టండి.

ఒక చెల్లె చీటీ పంపింది. "వెబ్ పేజీలో బటన్లు ఉన్నయి కదా, కమాండ్ లైన్ ఎందుకు?" మంచి ప్రశ్న. ఒక్క మెషీన్ ఒక్కసారి ఎక్కించాలంటే బటన్లే చాలు. కానీ మొదటిసారి లేవకపోతే, రెండోసారి ఏం మార్చినవ్ అంటే బటన్ నొక్కినోళ్లకు యాదికుండదు. నేను నా కమాండ్లన్నీ ఒక ఫైల్‌లో రాస్త, పక్కన ఎందుకు కొట్టిన్నో ఒక లైను. ఆ దవాఖానా తర్వాత అట్లాంటివే ఇంకో నాలుగు మెషీన్లు మార్చినం. ఆ నాలుగింటికీ నేను లేను, మంచిర్యాల నుంచి ఒక తమ్ముడు ఒక్కడే ఆ ఫైల్ చూసుకుంటా చేసిండు. అర్ధరాత్రి ఒక్కనికి ఒక్కడు పని చేసేటప్పుడు పక్కన ఉండే మనిషి ఆ ఫైలే. పాస్‌వర్డులు మాత్రం దాంట్లో రాయకండి, క్లౌడ్స్ చుక్క వైఏఎంఎల్ అనే ఫైల్‌లో వేరుగా పెట్టి అనుమతులు బిగించండి.

ఇంకో అన్న అడుగుతున్నడు, "ఇంటర్నెట్‌లో దొరికే ఓవీఏ తెచ్చి ఎక్కించవచ్చా?" ల్యాబ్‌లో, బయటికి దారి లేని నెట్‌వర్క్‌లో అయితే నేర్చుకోవడానికి చేయండి. అసలు పనికి వద్దు. ఎవరు కట్టిన్రో తెలియని మూటలో ఎవరి ఎస్ఎస్‌హెచ్ తాళాలు ఉన్నయో తెలియదు. 2024లో ఓపెన్‌స్టాక్‌లో ఒక లోపం బయటపడ్డది, కావాలని తయారు చేసిన క్యూకౌ-2 ఫైల్ ఎక్కిస్తే, సర్వర్ మీది వేరే ఫైళ్లు చదవగలిగేటట్టు. సరిచేసిన్రు. అయినా డిస్క్ ఇమేజ్ అంటే ఊరికే డేటా కాదని అది చూపించింది. తెలిసినోళ్లు ఇచ్చింది అయినా సరే, లేపినంక హోస్ట్ కీలు కొత్తగా తయారు చేయండి, మెషీన్-ఐడీ మార్చండి, డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చండి. లోపల క్లౌడ్-ఇనిట్, అంటే మొదటిసారి లేసినప్పుడు క్లౌడ్ ఇచ్చే కీలు, సెట్టింగులు తీసుకునే ప్రోగ్రామ్, లేకపోతే మీరిచ్చే కీ-నేమ్ ఏం పని చేయదు, కన్సోల్‌లో పాస్‌వర్డ్‌తోనే పోవాలె, అది ముందే తెలుసుకొని పెట్టుకోండి.

విండోస్ సంగతి కూడా ఎవరో అడిగిన్రు. విండోస్‌లో వర్టియో డ్రైవర్లు పుట్టుకతోని ఉండవు. వర్టియో-విన్ ఐఎస్ఓ తెచ్చి ఎక్స్‌పోర్ట్‌కు ముందే పెట్టండి, లేదా వర్ట్-వీ2వీకి అప్పజెప్పండి. అదీ కుదరకపోతే ఇమేజ్ ప్రాపర్టీల్లో డిస్క్ బస్ ఐడీఈ, నెట్‌వర్క్ మోడల్ ఈ1000 అని పెట్టి లేపండి. నెమ్మదిగా నడుస్తది గానీ లేస్తది. లోపలికి పోయి డ్రైవర్లు పెట్టుకొని తర్వాత మార్చుకోవచ్చు.

చివరి ప్రశ్న, వెనుక నుంచి. "కొత్తది లేసినంక పాతది ఎప్పుడు ఆపాలె?" ఇది అన్నిటికంటే ముందు నేను చెప్పాల్సింది. ఓవీఏ అంటే ఎక్స్‌పోర్ట్ చేసిన నిమిషం నాటి ఫోటో. మీరు ఎక్స్‌పోర్ట్ చేసి, రెండున్నర గంటలు పంపి, గంట మార్చి, రెండు గంటలు పరీక్షిస్తుంటే, పాత మెషీన్‌లో రిపోర్టులు పడుతనే ఉంటయి. కొత్తదాన్లో అవి ఉండవు. అందుకే నేను రెండుసార్లు చేస్త. మొదటిసారి పాతదాన్ని నడువనిచ్చే, దాని కాపీ మీద అంతా చేసి చూస్త, ఆ కాపీని ఎవరికీ కనపడని నెట్‌వర్క్‌లో లేపుత. లేకపోతే ఒకే పేరుతోని రెండు మెషీన్లు ఎస్సెమ్మెస్‌లు పంపుతయి. ఏ కమాండ్ ఎంతసేపు పట్టిందో రాసుకుంట. రెండోసారి, ఆదివారం రాత్రి, పాతదాని అప్లికేషన్ ఆపి, డేటాబేస్ డంప్ మాత్రం తీసి పంపుత. అది కొన్ని వందల ఎంబీలే ఉంటది. దాన్ని ఇప్పటికే లేచి సిద్ధంగా ఉన్న కొత్త మెషీన్‌లోకి ఎక్కించి, చివరి పది రిపోర్టుల నంబర్లు రెండు చోట్లా పోల్చి చూస్త. కలిస్తే తలుపులు తెరుస్త. పాత మెషీన్‌ను ఆపుత గానీ తీసేయ, నెల రోజులు అట్లనే ఉంచుత. దాని నెట్‌వర్క్ కార్డు మాత్రం డిస్‌కనెక్ట్ చేసి పెడత, ఎవరైనా పొరపాటున ఆన్ చేసినా పాత ఐపీతోని మళ్లీ జవాబు చెప్పకుండ.